తెల్లగా ఉంటే ఏ రంగైనా నప్పుతుందా? నా దగ్గరికొచ్చిన ఒక కేసు

చెన్నైలో పశ్చిమ మాంబలంలో ఒక గదిలో నా పని. బ్లౌజులు కుట్టిస్తాను, దాంతోపాటు ఎవరికి ఏ రంగు, ఏ మెడ, ఎంత చేతులు నప్పుతాయో కూర్చోబెట్టి, గుడ్డలు వేసి చూసి చెప్తాను. 14 ఏళ్ళుగా చేస్తున్నా ఈ ఒక్క కేసు మాత్రం నేను రంగులు చూసే పద్ధతినే మార్చేసింది. అందుకే మొదట్నుంచీ వివరంగా రాస్తున్నాను. రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు, కాకపోతే పేరు, ఉద్యోగం, ఇంటివాళ్ళ వివరాలు ఉండకూడదన్నారు. అలాంటివి కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. రంగుల విషయంలో మాత్రం ఒక్కటీ మార్చలేదు.

ఆవిడ పరిస్థితి

వయసు యాభై దాటింది. తెలుగిల్లే, రెండు తరాల కిందట చెన్నైలో స్థిరపడ్డ కుటుంబం. 35 ఏళ్ళు వచ్చేదాకా చక్కటి చామనచాయ మనిషి. ఆ తర్వాత వేళ్ళ చివర, పెదవుల పక్కన తెల్లమచ్చలు మొదలయ్యాయి. మనం బొల్లి అంటాం, డాక్టర్లు విటిలిగో అంటారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ని తయారుచేసే కణాలు పోవడం వల్ల వచ్చేది, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. (ఈ మాట ఇప్పటికీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి చెప్తున్నాను. ఆవిడ చుట్టాల్లోనే ఆవిడ కూర్చున్న కుర్చీలో కూర్చోనివాళ్ళు ఉన్నారు.) ఆవిడకి పదిహేనేళ్ళలో దాదాపు ఒళ్ళంతా పాకింది. ఒంటి మీద 80 శాతం పైగా రంగు పోతే యూనివర్సల్ విటిలిగో అంటారు, ఆవిడది అదే.

ఇప్పుడు ఆవిడ చర్మం పాలలో రెండు చుక్కల రోజ్‌మిల్క్ ఎసెన్స్ వేసినట్టు ఉంటుంది. తెలుపు, దాని కింద సన్నగా గులాబీ. జుట్టు మాత్రం ఒత్తుగా నలుపు, చెవుల దగ్గర కాస్త నెరిసింది. కళ్ళు ముదురు గోధుమరంగు. ఇది గుర్తుపెట్టుకోండి, కేసంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

చాలా ఏళ్ళు పాత ఒంటిరంగుకి సరిపోయే ఫౌండేషన్ ముఖానికి, మెడకి పట్టించుకుని బయటికి వెళ్ళేవారు. చెన్నై చెమటకి మధ్యాహ్నమయ్యేసరికి మెడ దగ్గర చారలు కట్టేది, బ్లౌజు మెడపట్టీకి గోధుమరంగు మరక అంటేది. మూడేళ్ళ కిందట ఒకరోజు ఇక చాలనుకుని మానేశారు. మానేశాక ఇంట్లో అందరూ అలవాటు పడ్డారు, ఆఫీసులో కూడా. ఆవిడకే ఇబ్బంది మిగిలింది, అది కూడా బట్టల దగ్గర. బీరువా నిండా చామనచాయ ఒంటికి కొన్న చీరలు, వాటి ముందు పూర్తిగా వేరే రంగు మనిషి.

నా దగ్గరికి వాళ్ళమ్మాయి తీసుకొచ్చింది. అమ్మాయి పెళ్ళి ఇంకా నాలుగు నెలలుంది. అమ్మాయి ఫోన్ తెరిచి చీరల ఫోటోలు చూపించడం మొదలుపెడితే ఆవిడ ఆపి, "చీర అద్దంలో కనిపిస్తుందమ్మా, అందులో నేను కనిపించట్లేదు. పీటల మీద కూర్చున్నప్పుడు నేను నాలాగా కనిపించాలి, అంతే" అన్నారు.

అంతకు ముందు వారమే టీ నగర్‌లో ఒక పెద్ద షాపుకి వెళ్ళారట. చీరలు చూపించే అబ్బాయి "మీకేంటి మేడమ్, ఇంత తెల్లగా ఉన్నారు, ఏ రంగైనా నప్పుతుంది" అన్నాడట. ఆవిడ ఏమీ కొనకుండా లేచి వచ్చేశారు. ఆ అబ్బాయి చెడ్డ ఉద్దేశంతో అనలేదు, మన దగ్గర అందరూ అనే మాటే అది. కానీ మనసుకి తగలడం అలా ఉంచండి, పనివాళ్ళ లెక్కలో కూడా అది తప్పు మాట. బాగా తెల్లటి చర్మం పక్కన పెట్టిన ప్రతి రంగునీ కాస్త తన మీద వేసుకుంటుంది. వెలుతుర్ని ఎక్కువగా తిప్పికొట్టే చర్మం అది, చీర మీద పడి లేచిన రంగు వెలుతురు గడ్డం కింద, దవడ పక్కన స్పష్టంగా కనిపిస్తుంది. చామనచాయలో ఆ నీడరంగు చాలావరకు కలిసిపోతుంది. కాబట్టి బాగా తెల్లగా ఉన్నవాళ్ళకే రంగు విషయంలో తప్పు తొందరగా బయటపడుతుంది.

మొదటి రోజు రంగులు చూడకముందు ఒక్కటే అడిగాను: "అక్కా, మనం దాచడానికి చూస్తున్నామా, కనబడటానికా?" ఎందుకు అడిగానంటే దారులు రెండూ పూర్తిగా వేరు. దాచాలంటే చర్మానికీ గుడ్డకీ తేడా తగ్గించాలి, కనబడాలంటే ఆ తేడాని సరైన కొలతలో ఉంచాలి. "దాచింది చాలు" అన్నారు. ఆ జవాబు విని కూడా నేను ముందు తప్పు దారిలోనే వెళ్ళాను.

లేత రంగుల నెల

చాలా తెల్లటి చర్మానికి ఏ రంగులు అన్న విషయం మీద నేను నేర్చుకున్నదంతా బంగారు రంగు జుట్టు, నీలి కళ్ళు ఉన్న దేశాల నుంచి వచ్చింది. అక్కడి సలహా ఏమిటంటే మెత్తటి రంగులు, లేత గులాబీ, లావెండర్, పొగమంచు లాంటి బూడిద నీలం. చర్మం మెత్తగా ఉంది కాబట్టి రంగు కూడా మెత్తగా ఉండాలన్న లెక్క. సరే అని అలాగే మొదలుపెట్టాను.

మా పద్ధతిలో రంగు పరీక్ష ఇలా చేస్తాం. ఉదయం పది గంటల వేళ, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన కూర్చోబెట్టి, మేకప్ లేకుండా, జుట్టు మీద తెల్లగుడ్డ కప్పి, ఒక్కో రంగు గుడ్డ గడ్డం కింద పెట్టి చూస్తాం. జుట్టు ఎందుకు కప్పుతామంటే చాలామంది జుట్టుకి రంగు వేసుకుని ఉంటారు, ఆ రంగు మన అంచనాని పక్కదారి పట్టిస్తుందని. ఆవిడ తల మీద తెల్లగుడ్డ కప్పగానే లేత రంగులు నిజంగానే బాగున్నాయి. ఉల్లిపొర రంగు పెడితే ముఖంలో ఒక శాంతం వచ్చింది. లావెండర్ కూడా అంతే. నాకు సంతోషం వేసింది, రెండు కొనిపించాను: లావెండర్ మంగళగిరి కాటన్ ఒకటి, ఉల్లిపొర రంగు సాఫ్ట్ సిల్క్ ఒకటి. బ్లౌజులు కూడా అదే రంగులో.

ఆ సిల్కు చీర కట్టుకుని ఆవిడ ఒక గృహప్రవేశానికి వెళ్ళారు. నలుగురు అడిగారట, "ఏంటి వదినా, ఒంట్లో బాలేదా?" అని.

మర్నాడు రమ్మన్నాను. అదే చీర, అదే కిటికీ, తల మీద గుడ్డ లేకుండా చూశాను. అప్పుడు అర్థమైంది. నల్లటి జుట్టు ముఖం చుట్టూ గట్టి గీత గీసినట్టు ఉంది, కింద చీర, మెడ, బుగ్గలు అన్నీ ఒకే లేతదనంలో కలిసిపోయాయి. చూసేవాళ్ళ కన్ను నేరుగా జుట్టు మీదికి, కళ్ళ కింద నీడల మీదికి వెళ్తోంది. అలసట కనిపించేది అక్కడే. చీరలో ముదురంటూ ఏమీ లేదు కాబట్టి ముఖంలో ఉన్న ముదురు చోట్లన్నీ లోపాల్లా బయటపడ్డాయి. గుడ్డ మళ్ళీ కప్పితే మళ్ళీ బాగుంది. గుడ్డ తీస్తే పోయింది. కప్పడం, తీయడం ఐదారు సార్లు చేశాను, ఆవిడ కూడా అద్దంలో చూసి "అదే, అదే! నేను పోతున్నానని చెప్పానే, అదే ఇది" అన్నారు.

జుట్టు కప్పే నియమం మిగతా వాళ్ళ విషయంలో పనికొస్తుంది. ఆవిడ విషయంలో మాత్రం ఆ నల్లజుట్టే అసలు ఆధారం. పుట్టుకతో తెల్లగా ఉన్నవాళ్ళకి చాలాసార్లు జుట్టు, కనుబొమలు కూడా లేతగా ఉంటాయి, అప్పుడు లేత రంగులు సరిపోతాయి. రంగుపోయి తెల్లబడ్డవాళ్ళకి జుట్టూ కళ్ళూ పాతవే ఉండిపోవచ్చు. ఒకే ముఖం మీద రెండు కొసలు. ఆ తర్వాత ఎవరికైనా సరే జుట్టు కప్పి ఒకసారి, కప్పకుండా ఒకసారి చూడటం మొదలుపెట్టాను.

ముదురు వైపు

తేడా కావాలి కదా అని ఈసారి ముదురు తీశాను. నలుపు మీద వెండి జరీ, దాదాపు నల్లగా ఉండే నేవీ బ్లూ, బాటిల్ గ్రీన్. గదిలో గంభీరంగానే ఉంది. ఫోన్‌తో ఫోటో తీశాను. ఫోటోలో ముఖం తెల్లగా పేలిపోయింది, ముక్కు గీత, బుగ్గ గుండ్రం ఏవీ లేవు, ఎక్కడి నుంచో కత్తిరించి అంటించినట్టు ఉంది.

ఇందులో కొంత కెమెరా పని. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం నల్లటి చీర ఉంటే ఫోన్ చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచుతుంది, ఆ పెంపుకి తెల్లటి ముఖం మాడిపోతుంది. ముఖం మీద వేలు పెట్టి వెలుతురు తగ్గించి తీస్తే కాస్త నయం. కానీ పెళ్ళిలో వందమంది ఫోన్లకి ఎవరు చెప్తారు? పైగా ఇది కెమెరా సంగతి మాత్రమే కాదు, కంటికి కూడా కొంత అలాగే ఉంటుంది. 19వ శతాబ్దంలో పారిస్‌లో గోబెలిన్ల నేత కార్ఖానాలో అద్దకం విభాగం చూసిన షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. నలుపు దారం సరిగ్గా కనిపించట్లేదని ఫిర్యాదులొస్తే పరీక్షించి, అద్దకంలో లోపం లేదు, పక్కనున్న రంగుల వల్లే నలుపు అలా కనిపిస్తోందని తేల్చాడు. రంగులు పక్కపక్కన ఉంటే ఒకదాన్ని ఒకటి మారుస్తాయని 1839లో ప్రచురించాడు. నలుపు పక్కన తెలుపు ఇంకా తెల్లబడుతుంది. ఆవిడకి ఇంకా తెల్లబడటం అక్కర్లేదు.

బాటిల్ గ్రీన్ దగ్గర ఇంకో సంగతి కూడా గమనించాను. ఆకుపచ్చ పక్కన గులాబీరంగు మరింత గులాబీగా కనిపిస్తుంది. ఉదయం చల్లటి వేళ అది ముఖానికి ఆరోగ్యం తెచ్చింది. తర్వాత ఆవిడ కిందికెళ్ళి కారులో మర్చిపోయిన కళ్ళద్దాలు తెచ్చుకుని రెండంతస్తుల మెట్లెక్కి వచ్చారు. మెలనిన్ లేదు కాబట్టి ఒంట్లో వేడి పెరిగితే నెత్తురు రంగు నేరుగా పైకి కనిపిస్తుంది, బుగ్గలు ఎర్రబడ్డాయి, ఆ ఆకుపచ్చ పక్కన కందిపోయినట్టు ఉంది. కన్యాదానానికి హోమం ముందు గంటలకొద్దీ కూర్చోవాలి. ఆకుపచ్చలన్నీ ముహూర్తం జాబితాలోంచి తీసేశాను. వేసవిలో ఫ్యాను కింద ఐదు నిమిషాలు చూసి రంగు ఖాయం చేయకూడదని ఆరోజు నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరొచ్చినా ఒకసారి మెట్లెక్కి రమ్మంటాను.

ఆరు పాత చీరలు

నెలన్నర గడిచింది, డబ్బు ఖర్చయింది, ఆవిడ ముఖంలో విసుగు కనిపించింది. అప్పుడు అడగాల్సింది అడిగాను, "అక్కా, ఒంటిరంగు మారకముందు మీకు ఇష్టమైన చీరలు ఒక ఆరు తీసుకురండి. ఇప్పుడు కట్టుకోలేకపోతున్నవే తెండి."

ఎందుకు అడిగానంటే అప్పటిదాకా నేను కొత్త మనిషికి బట్టలు వెతుకుతున్నాను. ఆవిడేమో మొదటి రోజే "నాలాగా కనిపించాలి" అన్నారు. ఆ "నేను" ఏ రంగుల్లో ఉండేదో నాకు తెలియదు.

చాప మీద ఆరూ పరిచాం. గోరింటాకు రంగు నారాయణపేట, చిలకపచ్చ గద్వాల్, ఎమ్మెస్ బ్లూ కంచి పట్టు (ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి పేరు మీద నిలిచిపోయిన ఆ నీలం), కనకాంబరం రంగు వెంకటగిరి, దానిమ్మరంగు పోచంపల్లి. ఆరోది మామిడిపండు రంగు కంచి పట్టు, అరక్కు అంచు. ముదురు మెరూన్‌కి ఇక్కడి చీరలవాళ్ళు వాడే పేరు అది, లక్క రంగు. వాళ్ళమ్మగారు ఇచ్చిన చీర. మడతల మీద జరీ కాస్త నల్లబడి, మెరుపు తగ్గి ఉంది. దాన్ని పరుస్తున్నప్పుడు ఆవిడ చెయ్యి దాని మీదే ఆగిపోయింది. "ఇది కట్టుకుంటే అమ్మలా ఉన్నావనేవారు. ఇప్పుడు కామెర్లొచ్చినట్టు ఉంటాను" అన్నారు.

భుజం మీద వేసి చూశాం. నిజమే, గడ్డం కింద, దవడ పక్కన పసుపు. చీరని నెమ్మదిగా కిందికి జార్చాను. మెడ కింద నాలుగు వేళ్ళు దిగేసరికి గడ్డం మీద పసుపు పలచబడింది, జానెడు దిగేసరికి పోయింది. మళ్ళీ పైకి లాగాను, మళ్ళీ వచ్చింది. రంగు తప్పు కాదు, ఆ రంగు ముఖానికి ఎంత దగ్గరగా ఉందన్నదే తప్పు. అప్పుడు ఆ చీర అంచునే మడిచి, ముదురు మెరూన్ భాగం మెడ దగ్గరికి వచ్చేలా పెట్టి, దాని కింద పసుపు వదిలాను. గడ్డం కింద శుభ్రంగా ఉంది. మెరూన్ ముదురు కాబట్టి వెలుతురు తిప్పికొట్టదు, పసుపుకీ ముఖానికీ మధ్య గోడలా నిలబడింది. పైగా జుట్టులో ఉన్న ముదురుతనం ఇప్పుడు మెడ దగ్గర కూడా ఉంది, ముఖం రెండు ముదురు గట్ల మధ్య కుదురుగా కూర్చుంది. ఆవిడ ఏమీ అనలేదు. అద్దం దగ్గరికి జరిగి, బొట్టు సరిచేసుకున్నారు.

అక్కణ్ణుంచి పని తేలికైంది. మిగతా ఐదూ అదే కంటితో చూశాం. ఎమ్మెస్ బ్లూ ఏ మార్పూ లేకుండా నప్పింది, ముఖం తేటగా ఉంది. నలుపంత ముదురు కాదు, లేత కాదు, జుట్టుకీ చర్మానికీ నడిమధ్య. దానిమ్మ కూడా అంతే. నేరేడు, వంకాయ, నెమలికంఠం గుడ్డలు నా దగ్గరివి వేసి చూస్తే అవీ సరిపోయాయి. నెమలికంఠంలో నీలం పాలు ఎక్కువ కాబట్టి బుగ్గల ఎరుపుని అంతగా రెచ్చగొట్టలేదు. గోరింటాకు, చిలకపచ్చ ముఖం దగ్గర వద్దనుకున్నాం. కనకాంబరం రంగు చర్మంలోని గులాబీతో పోటీ పడి రెండూ మురికిగా కనిపించాయి, అది అమ్మాయికి ఇచ్చేశారు.

మేం పెట్టుకున్న కొలత చాలా మొరటుది. ఫోన్లో ఫోటో తీసి రంగు తీసేసి నలుపు తెలుపు చేస్తాం. అందులో జుట్టు, చీర, ముఖం మూడు వేర్వేరు మెట్ల మీద కనిపించాలి. లావెండర్ ఫోటోలో చీర ముఖంతో కలిసిపోయింది, నలుపు చీర జుట్టుతో కలిసిపోయింది, ఎమ్మెస్ బ్లూ ఫోటోలో మూడూ విడివిడిగా ఉన్నాయి. ఇది కొత్త చీర కొనేటప్పుడు కూడా షాపులోనే చేసుకోవచ్చు. షాపు లైట్ల కింద మాత్రం రంగు నమ్మకూడదు, చీరని గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూడాలి. రెండు గుడ్డలు ఒక లైటు కింద ఒకే రంగులో ఉండి బయట వేర్వేరుగా తేలడం మ్యాచింగ్ బ్లౌజు ముక్కలు కొనేవాళ్ళందరికీ అనుభవమే.

మెడ, చేతులు, ఎండ

ముహూర్తానికి అమ్మ చీరే అని ఖాయమైంది. ఇక బ్లౌజు. ఆవిడ పాత బ్లౌజులన్నీ ముందు మెడ 7 అంగుళాల లోతు. అంత లోతైతే రంగు లేని చర్మం పెద్ద ఖాళీ జాగాలా కనిపిస్తుంది, దాని అంచున పసుపు చీర మొదలవుతుంది. బోట్ నెక్ వేద్దామనుకున్నాను, మూడున్నర అంగుళాలకి ట్రయల్ కుట్టి వేస్తే ఆవిడకి ఉక్కపోసింది, పైగా మంగళసూత్రం, నల్లపూసలు గుడ్డ మీద పడి చిక్కుకున్నాయి. నాలుగున్నర అంగుళాల దగ్గర ఆగాం, వెడల్పుగా, కొద్దిగా గుండ్రంగా. బ్లౌజు గుడ్డది చీర అంచు మెరూన్ రంగే, కానీ మెరిసే పట్టు కాదు, మెరుపు లేని రా సిల్క్. మెరిసే గుడ్డ ముదురైనా వెలుతురు తిప్పికొడుతుంది. పైట మడతలు పెట్టేటప్పుడు మెడ వైపు అరక్కు అంచు వచ్చేలా పిన్ను చేయడం వాళ్ళమ్మాయికి నేర్పాను. నల్లపూసలు తెల్లటి మెడ మీద గీతలా కొట్టొచ్చినట్టు ఉన్నాయని ఆవిడ మానేశారు. పొట్టి వరుస తీసి బ్లౌజు మీదికి దిగే పొడుగు వరుస వేయించాం. బొట్టు చిన్న ఎరుపు చుక్క నుంచి కాస్త పెద్ద మెరూన్‌కి మారింది.

ఎండ సంగతి నేను మొదట పట్టించుకోలేదు. ఒకరోజు ఆవిడ పలచటి తెల్ల కాటన్ చీర కట్టుకుని బజారుకి వెళ్ళి వచ్చారు, భుజం మీద చీర ఉన్న చోట కూడా కందింది. తెలుపు చల్లగా ఉంటుందన్నది వేడికి సంబంధించిన మాట, అతినీలలోహిత కిరణాలకి వర్తించదు. పలచటి తెల్ల నూలుగుడ్డ వాటిని బాగానే లోపలికి వదులుతుంది. గుడ్డ ఎంత ఆపుతుందో చెప్పే యూపీఎఫ్ అనే లెక్క ఉంది. అది 50 ఉంటే కిరణాల్లో 50వ వంతు, అంటే 2 శాతమే లోపలికి వెళ్తాయి. మామూలు పలచటి తెల్ల కాటన్ టీషర్టుకి అది 5 నుంచి 7 మధ్య ఉంటుంది, చెమటకి తడిస్తే ఇంకా తగ్గుతుంది. ఒత్తుగా నేసిన, ముదురు రంగు అద్దిన గుడ్డ చాలా ఎక్కువ ఆపుతుంది. ఎండలో ఆ కిరణాల తీవ్రత చెప్పే అంకె యూవీ ఇండెక్స్, చెన్నైలో వేసవి మధ్యాహ్నం అది 11 దాటడం, అంటే అన్నిటికన్నా తీవ్రమైన మెట్టుకి చేరడం, మామూలే. సన్‌స్క్రీన్, మిగతా విషయాలు ఆవిడ చర్మ డాక్టరు చూసుకుంటారు, అందులో నేను వేలు పెట్టను. నా చేతిలో ఉన్నది గుడ్డ. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఊచలు కనిపించే గుడ్డ ఎండకి వద్దు అన్నది మా కొలత. పగటి బ్లౌజులకి లైనింగ్, మోచేతి దాకా చేతులు, వెనక మెడ మూడు అంగుళాలు మించకుండా కుట్టాం.

ముదురు కాటన్‌తో ఒక కొత్త తలనొప్పి వచ్చింది. నేరేడు రంగు కాటన్ బ్లౌజు వేసుకుని ఒక సాయంత్రం విప్పితే చంకల్లో, మెడ చుట్టూ ఊదా మరకలు. చామనచాయ ఒంటి మీద ఎవరూ గమనించని మరక ఆవిడ ఒంటి మీద దెబ్బ తగిలి కమిలినట్టు ఉంది. ఆవిడ నిజంగా భయపడి రాత్రి పదింటికి ఫోన్ చేశారు. సబ్బు పెట్టి రుద్దమన్నాను, పోయింది. అప్పట్నుంచి ఏ ముదురు గుడ్డైనా కుట్టకముందు తడి తెల్లగుడ్డతో గట్టిగా ఇరవై సార్లు రుద్ది చూస్తాం, రంగు అంటితే ఆ గుడ్డ ఒంటికి తగిలేలా కుట్టం, తెల్ల లైనింగ్ లోపల వేస్తాం.

మచ్చలు ఇంకా పాకుతున్నవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళ కోసం ఒక మాట. బిగుతుగా రాసుకునే చోట కొత్త మచ్చలు రావచ్చు. లంగా నాడా నడుముని కోసేలా కట్టకండి, వెడల్పు పట్టీ వేయించుకోండి. స్టిక్కర్ బొట్టు జిగురులోని రసాయనం వల్ల కొందరికి నుదుటి మీద తెల్లమచ్చ వస్తుంది, ఆ చోట రంగు మారుతున్నట్టు అనిపిస్తే ఆపి డాక్టర్ని అడగండి.

పెళ్ళి

తెల్లవారుజామున ముహూర్తం. అమ్మ చీర, మెరూన్ బ్లౌజు. ఫోటోగ్రాఫర్‌కి ముందు రోజే చెప్పాను, చీర చూసి కాదు, ముఖం చూసి వెలుతురు పెట్టుకోమని. వీడియో లైటు నేరుగా ముఖం మీద కాకుండా పక్కగా పెట్టమన్నాం. హోమం వేడికి బుగ్గలు ఎర్రబడ్డాయి, మెరూన్ పక్కన అది కన్యాదానం చేస్తున్న తల్లి ముఖంలో ఉండాల్సిన ఎరుపులాగే ఉంది. రిసెప్షన్‌కి నెమలికంఠం రంగు పడుగు, వంకాయ రంగు పేకతో డబుల్ షేడ్ కంచి పట్టు. మడత కదిలినప్పుడల్లా రంగు మారుతుంది కాబట్టి ఏ ఒక్క రంగూ ముఖం మీద నిలబడి పడదు, అందుకని ఎంచుకున్నాం. కాకపోతే దానికి నేను ఒప్పుకున్న మెరుపు జరీ తప్పు. స్టేజీ లైట్ల కింద భుజం మీది జరీ పసుపుగా మెడ మీద కొట్టింది, కొన్ని ఫోటోల్లో అది కనిపిస్తుంది. అమ్మ చీరలో నల్లబడిన పాత జరీ చేసిన మేలు ఏమిటో అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆవిడకి యాంటిక్ జరీయే చూస్తాం.

మేనత్త ఒకావిడ పెళ్ళిలో ఆవిడ చెయ్యి పట్టుకుని, "అచ్చం మీ అమ్మలాగే ఉన్నావే" అన్నారట. ఫోన్లో ఆ మాట చెప్తూ ఆవిడ కాసేపు ఆగిపోయారు, నేను కూడా.

ఇంకా తేలనివి

వేసవి రోజువారీ బట్టల సమస్య పూర్తిగా తీరలేదు. ఎండని ఆపేది ముదురు ఒత్తు గుడ్డ, అదే వేడిని పట్టి ఉంచుతుంది. ఇప్పటికి నడిమి ముదురులో, ఒత్తుగా నేసిన మంగళగిరి, చీరాల కాటన్లతో నెట్టుకొస్తున్నాం, బస్టాపు దాకా గొడుగుతో. ఆ లావెండర్ చీర వృథా పోలేదు, ఎమ్మెస్ బ్లూ బ్లౌజు వేసి ఇంట్లో పూజలకి కట్టుకుంటున్నారు. లేత రంగు కూడా మెడ దగ్గర ముదురు ఉంటే ఆవిడకి నిలబడుతుందని దాంతో తెలిసింది. ఉల్లిపొర సిల్కుకి మాత్రం ఏ బ్లౌజూ కుదరలేదు.

పోయిన వారం ఆవిడ చిలకపచ్చ గద్వాల్ మళ్ళీ పట్టుకొచ్చారు. వద్దని చెప్పాను, ఊరుకోలేదు. మెట్లెక్కకుండా, చెమట పట్టకుండా, మార్గళి నెల (మన ధనుర్మాసం) చలిలో ఉదయం ఏడింటికి వస్తాను, అప్పుడు చూడు అన్నారు. అంచు నేరేడు రంగులో ఉంది కాబట్టి అవకాశం ఉందనే నాకూ అనిపిస్తోంది. బ్లౌజుకి నేరేడు గుడ్డ తీసి పక్కన పెట్టాను, ఇరవై సార్లు రుద్ది చూశాను, రంగు అంటలేదు.